కళ్లజోడూ కుదరాలి!

శనివారం సాయంత్రం. ఏలూరులో ఓ కళ్లజోళ్ల దుకాణం. కొల్లేటి లంక ఊరి నుంచి బస్సులో వచ్చిన తల్లీకూతుళ్లు అద్దం ముందు కూర్చున్నారు. అమ్మాయి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. రెండు కళ్లకీ మైనస్‌ నాలుగున్నర. పాత కళ్లజోడు కాడ విరిగితే గమ్ముతో అంటించి నెల రోజులు నెట్టుకొచ్చింది.

షాపు కుర్రాడు ట్రేలో పాతిక ఫ్రేములు తెచ్చి పెట్టాడు. అమ్మాయి పాతది తీసేసి ఒక్కొక్కటీ పెట్టుకుంటోంది. అద్దం దగ్గరికి ముఖం చాపి చాపి చూస్తోంది. ఏం కనపడుతుంది? పొగమంచులో ఉన్నట్టు మసగ్గా ఓ ముఖం, దానిమీద అడ్డంగా ఓ నల్లగీత. అంతే. అమ్మకానికి పెట్టిన ఫ్రేములో ఉండేది పవర్‌ లేని ఉత్త ప్లాస్టిక్‌ ముక్క కదా!

‘‘ఎలా ఉందే?’’

‘‘నాకేం కనపడుతుందమ్మా, నువ్వే చెప్పు’’

అమ్మ చెప్పడం మొదలెట్టింది. ‘‘ఇది బండగా ఉంది. అదీ వద్దు, టీచరమ్మలా ఉన్నావు. బాబూ, పెట్టుకున్నట్టే తెలీనిది ఏదన్నా ఉంటే చూపించు.’’ చివరికి అంచులు లేని సన్నటి జోడు ఒకటి అమ్మకి నచ్చింది. ‘‘ఇదైతే పర్లేదు. ఎలాగూ పెళ్లిచూపుల రోజు తీసేస్తుందిగా!’’

కౌంటర్లో ఉన్న పెద్దాయన బిల్లు పుస్తకం మీంచి తలెత్తాడు. ‘‘తీసేస్తే పెళ్లికొడుకుని అమ్మాయి ఎలా చూస్తుందమ్మా? పెళ్లిచూపులంటే ఇద్దరూ చూసుకోవడమే కదండీ!’’

అమ్మ నవ్వింది. అమ్మాయి నవ్వలేదు.

ఏలూరనే కాదు, తాడేపల్లిగూడెం వెళ్లినా, కైకలూరు వెళ్లినా ఆడపిల్ల కళ్లజోడు కొనే చోట ఇలాంటి మాటలు వినపడుతూనే ఉంటాయి. చీర కొనాలంటే నాలుగు షాపులు తిరుగుతారు. గాజులకి రంగు కుదరలేదని వెనక్కి వస్తారు. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ముఖం మీదే ఉండే వస్తువుని మాత్రం పది నిమిషాల్లో తేల్చేస్తారు. అదీ పెట్టుకునే మనిషి సరిగ్గా చూసుకోకుండానే!

కంటి ఆసుపత్రికి పేరిచ్చిన ఊరు

నిజానికి కళ్ల గురించి ఏలూరు వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. దేశంలో పేరున్న కంటి ఆసుపత్రుల్లో ఒకటి ఈ పక్క ఊరాయన పేరు మీదే ఉంది. అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు 1908లో ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టారు. సినిమా పిచ్చితో ఇల్లు వదిలి బొంబాయి వెళ్లారు. 1931లో వచ్చిన తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లోనూ, 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లోనూ కనిపించారు. తరవాత దర్శకుడై ‘పెళ్లి చేసి చూడు’, ‘మిస్సమ్మ’ తీశారు. ఆయనే ఎల్‌.వి.ప్రసాద్‌. డాక్టర్‌ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో కంటి ఆసుపత్రి పెట్టాలనుకున్నప్పుడు బంజారాహిల్స్‌లో అయిదెకరాల స్థలం, కోటి రూపాయల విరాళం ఇచ్చింది ఆయనే. 1987లో మొదలైన ఆ సంస్థ 2011లో విజయవాడ పక్కన తాడిగడపకీ వచ్చింది. పెద్దాసుపత్రిదాకా రాలేనివాళ్ల కోసం సుమారు 50 వేల జనాభాకి ఒకటి చొప్పున విజన్‌ సెంటరు అనే పద్ధతినీ ఆ సంస్థ పల్లెల్లో నడుపుతోంది. పరీక్ష చేసి, కళ్లజోడు రాసిచ్చే చిన్న కేంద్రాలివి. 2019 అక్టోబరు 10న మొదలైన కంటివెలుగు కార్యక్రమంలో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లలకే ముందు పరీక్షలు చేయించింది.

అంటే, కంటి పరీక్ష ఊరి దగ్గరికి వచ్చింది. కళ్లజోడు చేతికి వచ్చింది. ముఖం మీదికి రావడమే ఇంకా మిగిలింది. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. క్లాసులో పెట్టుకుని, బయటికి రాగానే బ్యాగులో పడేసేవాళ్లెందరో! ఫొటో అంటే తీసేస్తారు. పెళ్లికి వెళితే తీసేస్తారు. వాటితో పాటు ఎదురొచ్చే లారీని, పలకరించే మేనత్తని చూసే చూపునీ తీసి బ్యాగులో పెట్టేసినట్టే. ‘పొగరు, చూసి కూడా పలకరించలేదు’ అన్న మాట అలాంటి అమ్మాయిలకి కొత్తకాదు.

ఎందుకిలా అంటే, ‘సోడాబుడ్డి’ అన్న ఒక్క మాట చాలు. సినిమాల్లోనూ అంతే. మొదటి సగంలో రెండు జడలు, కళ్లజోడు. రెండో సగంలో జడలు విప్పి కళ్లజోడు తీస్తే చాలు, హీరోయిన్‌ అందగత్తె అయిపోతుంది. మన దగ్గరే కాదు, ప్రపంచమంతా ఇదే వరస. 1930ల్లో న్యూయార్కులో ఆల్టినా షినాసి అనే డిజైనరు ఓ షాపు కిటికీలో ఆడవాళ్ల కోసం పెట్టిన కళ్లజోళ్లు చూసి విసుక్కుంది. అన్నీ ఒకటే మూస, ఒక్కటీ బాగాలేదు. వెనిస్‌ నగరంలో పండగ నాడు వేసుకునే ముఖతొడుగుల్ని గుర్తు చేసుకుని, కొసలు పైకి తిరిగిన ఫ్రేము గీసింది. ఈరోజు షాపుల్లో ‘క్యాట్‌ ఐ’ అని చూపిస్తున్న పిల్లికళ్ల ఫ్రేముకి మూలం అదే. లోపం ముఖంలో లేదు, ఫ్రేములో ఉంది అని ఆమె కనిపెట్టింది. షాపుకి వెళ్లేముందు ప్రతి అమ్మాయీ, ప్రతి అమ్మా గుర్తుంచుకోవాల్సిన మాట ఇది.

పవర్‌ని బట్టి ఫ్రేము

ఫ్రేము ఎంపిక ముఖంతో మొదలవుతుందని అందరూ అనుకుంటారు. మొదలవ్వాల్సింది డాక్టరు రాసిన చీటీతో.

మైనస్‌ పవర్‌ అద్దం మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉంటుంది. కళ్లని చిన్నవి చేసి చూపిస్తుంది. ఫ్రేము ఎంత వెడల్పయితే అంచు అంత లావవుతుంది. మైనస్‌ నాలుగు, అయిదు దాటినవాళ్లు ముఖం సగం కప్పే పెద్ద ఫ్రేము తీసుకుంటే అందం మాట అటుంచి, పక్కనుంచి చూస్తే అద్దం మందమే కనిపిస్తుంది. అంచుల్లేని రిమ్‌లెస్‌ ఇంకా ఇబ్బంది. దాచడానికి చట్రమే లేదుగా! అమ్మ ముచ్చటపడ్డ ఆ ‘పెట్టుకున్నట్టే తెలీని’ జోడు తయారై వచ్చాక అందరికంటే ముందు తెలిసేది ఆ మందమే. ఇలాంటివాళ్లకి చిన్నగా, మూలలు కాస్త గుండ్రంగా, చుట్టూ చట్రం ఉన్న ఫ్రేము మేలు. కాటుక సన్నగా పెడితే చిన్నగా కనపడే కళ్లు మళ్లీ తీరుగా వస్తాయి.

ప్లస్‌ పవర్‌ దీనికి తిరకాసు. మధ్యలో లావు, కళ్లు పెద్దవిగా కనిపిస్తాయి. కాటుక చెదిరినా, కనుబొమలు సరిగా లేకపోయినా అదీ పెద్దగానే కనిపిస్తుంది. వీళ్లకీ మరీ పెద్ద ఫ్రేము కూడదు, బరువుకి ముక్కు మీంచి జారుతుంది.

ఇక్కడే ఒక చిన్న లెక్క ఉంది. కళ్లజోడు కాడ లోపలివైపు మూడు అంకెలు ముద్రించి ఉంటాయి. ఉదాహరణకి 48, 18, 140. మొదటిది ఒక అద్దం వెడల్పు, రెండోది రెండద్దాల మధ్య ముక్కు మీద ఉండే దూరం, మూడోది కాడ పొడవు. అన్నీ మిల్లీమీటర్లలో. మొదటి రెండూ కలిపితే 66. ఇక కొనే మనిషి రెండు కనుపాపల మధ్య దూరం ఎంతో తెలియాలి. దీన్నే షాపుల్లో ‘పీడీ’ అంటారు. అది 62 అనుకుందాం. 66కీ 62కీ తేడా నాలుగు. అంటే ఒక్కో అద్దం మధ్యబిందువుని ముక్కువైపు రెండు మిల్లీమీటర్లు జరపాలి. అదే 54, 18 అంకెలున్న పెద్ద ఫ్రేమైతే 72 అవుతుంది, ఒక్కో వైపు అయిదు మిల్లీమీటర్లు జరపాలి. ఎంత జరిపితే బయటి అంచు అంత లావు. తేడా తక్కువగా ఉన్న ఫ్రేము పల్చగా, తేలిగ్గా వస్తుంది. పవర్‌ ఎక్కువున్న అమ్మాయి చేతిలో ఈ లెక్క ఉంటే బ్రాండు పేరు కంటే ఎక్కువ పనికొస్తుంది.

ముఖం, ముక్కు, బొట్టు

ఇప్పుడు ముఖం సంగతి. గుండ్రటి ముఖానికి కొంచెం పలకలుగా ఉన్న ఫ్రేము, పలకల ముఖానికి గుండ్రంగానో కోలగానో ఉన్నది బాగుంటాయంటారు. పొడుగు ముఖానికి అద్దం ఎత్తు ఎక్కువున్నవి, గడ్డం సన్నగా ఉండి నుదురు వెడల్పయినవాళ్లకి పైభాగం తేలిగ్గా ఉన్నవి. ఇవన్నీ మంచి సలహాలే, కానీ శాసనాలు కావు. ఏ ముఖానికైనా తప్పనిసరిగా చూడాల్సినవి వేరే ఉన్నాయి.

ఫ్రేము వెడల్పు ముఖం వెడల్పుతో సమానంగా ఉండాలి. కణతల్ని నొక్కకూడదు, బయటికి పొడుచుకు రాకూడదు. కనుపాప అద్దానికి ఇంచుమించు మధ్యలో, కాస్త పైకి ఉండాలి. ఫ్రేము పైగీత కనుబొమల వంపుని అనుసరించాలి. బొమ ఒకవైపు, ఫ్రేము ఇంకోవైపు పోతే ముఖం ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టో, చిరాకు పడుతున్నట్టో ఉంటుంది. ఒకసారి గట్టిగా నవ్వి చూడాలి. బుగ్గలు ఫ్రేముని పైకి తోస్తే అది కుదరనట్టే. కనురెప్పల వెంట్రుకలు అద్దానికి తగలకూడదు.

మన ఆడవాళ్లకి మరో లెక్క ఉంది. అదే బొట్టు. ముక్కు మీద ఫ్రేము వంతెన మరీ పైకి ఉంటే బొట్టుకి గోడ కట్టినట్టుంటుంది. కాస్త కిందికి ఉన్నదైతే బొట్టు బొట్టులా కనిపిస్తుంది. పొడుగు ముక్కు కూడా కుదురుగా అనిపిస్తుంది. బుట్టలు, చెంపస్వరాలు పెట్టుకునే అలవాటుంటే లావుపాటి కాడలు వాటితో పోటీ పడతాయి, సన్నటివి తీసుకోవాలి. స్కూటీ నడిపే అమ్మాయిలు హెల్మెట్‌ తీసుకెళ్లి మరీ చూసుకోవడం మంచిది. వెడల్పు కాడలు హెల్మెట్‌ లోపల చెవుల మీద నొక్కుకుని గంటలో తలనొప్పి తెప్పిస్తాయి.

రంగు విషయానికొస్తే నలుపు ఒక్కటే రంగు కాదు. చామనఛాయకి ముదురు గోధుమ, తేనెరంగు, తాబేటి డిప్ప మచ్చలున్న ఫ్రేము, మెరూన్‌, ముదురు నీలం చక్కగా అమరుతాయి. ఒంటిరంగులో కలిసిపోయే లేత రంగులు దాచడానికి పనికొస్తాయని కొంటారు కానీ చాలాసార్లు ముఖాన్ని పాలిపోయినట్టు చేస్తాయి. దాచాలనుకున్న కళ్లజోడు దొరికిపోతుంది. ఇష్టపడి పెట్టుకున్నది నగలా ఉంటుంది.

ఇంతకీ పవర్‌ ఎక్కువున్న అమ్మాయి కొత్త ఫ్రేములో తన్ను తాను ఎలా చూసుకోవాలి? ఉపాయం చేతిలోనే ఉంది. ఒక్కో ఫ్రేము పెట్టుకుని ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, నవ్వుతూ ఒకటి సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీయించుకోవాలి. ఫోను మరీ దగ్గర పెడితే ముక్కు పెద్దదిగా వస్తుంది, నాలుగడుగుల దూరం నుంచి తీయాలి. తరవాత పాత కళ్లజోడు పెట్టుకుని అన్నీ వరసగా చూసుకోవాలి. అప్పుడు ఎంచుకునేది అమ్మ కాదు, అన్నయ్య కాదు, షాపు కుర్రాడు కాదు. ఆ ముఖం ఎవరిదో వాళ్లే.

కొల్లేటి గాలికి తట్టుకోవాలి

అందం షాపులో ఏసీ కింద చూసింది చాలదు. కొల్లేటి చుట్టుపక్కల గాలిలో తేమ ఎక్కువ. ఎండాకాలం చెమటకి ఫ్రేము ముక్కు మీంచి జారుతూనే ఉంటుంది. వేలితో పైకి తోసుకోవడం అలవాటైపోతుంది. జారిన కళ్లజోడుతో చూస్తే పవర్‌ కూడా సరిగా అందదు. ముఖ్యంగా సిలిండర్‌ పవర్‌ ఉన్నవాళ్లకి ఫ్రేము కాస్త ఒరిగినా చూపులో తేడా వస్తుంది.

అందుకే ముక్కు దూలం కాస్త చదునుగా ఉన్నవాళ్లు సర్దుకునే వీలున్న సిలికాన్‌ ముక్కుమెత్తలు ఉన్న ఫ్రేము తీసుకోవాలి. కాడలు చెవి వెనక సరైన చోట వంగాలి. చవక లోహపు ఫ్రేములు చెమటకి పచ్చగా చిలుం పడతాయి. వాటిల్లో ఉండే నికెల్‌ కొందరికి పడక ముక్కు పక్కన దురద, నల్లమచ్చలు వస్తాయి. గిల్టు కమ్మలు పడనివాళ్లకి ఇదీ పడకపోవచ్చు. వాళ్లు టైటానియం కానీ, ఎసిటేట్‌, టీఆర్‌ 90 లాంటి ప్లాస్టిక్‌ రకాలు కానీ అడగాలి.

పమిట చెంగుతో తుడవడం మానుకోవాలి. చెంగులో ఉన్న దుమ్మే అద్దాన్ని గీస్తుంది. మంచినీళ్ల కింద పెట్టి, గిన్నెలు తోమే లిక్విడ్‌ ఒక చుక్క వేసి వేళ్లతో రుద్ది, మెత్తటి గుడ్డతో అద్దుకుంటే చాలు. తీసేటప్పుడు రెండు చేతులా తీయాలి. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే పైపూత చిట్లుతుంది.

కళ్లజోడు వద్దు, కాంటాక్ట్‌ లెన్సులు పెట్టించేస్తాం అనేవాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. వాటికి చెరువు నీళ్లూ, కుళాయి నీళ్లూ ఏవీ తగలకూడదు. శుభ్రం చేసుకునే ద్రావణం, చేతుల శుభ్రత తప్పనిసరి. లేజర్‌ ఆపరేషనంటే 18 ఏళ్లు నిండాలి, పవర్‌ కనీసం ఏడాదిగా మారకుండా ఉండాలి, కంటి నల్లగుడ్డు మందం సరిపోవాలి. పెళ్లి ముహూర్తాన్ని బట్టి చేయించుకునేది కాదు.

అద్దానికి ఎంత పెట్టాలి?

ఫ్రేముకి ఎక్కువ పెట్టి అద్దం దగ్గర బేరమాడటం చాలామంది చేసే పొరపాటు. ముఖానికి అందం ఫ్రేమిస్తే, అద్దానికి అందం లెన్సు ఇస్తుంది. మామూలు ప్లాస్టిక్‌ లెన్సు ఇండెక్స్‌ 1.5. ఈ అంకె పెరిగేకొద్దీ అదే పవర్‌కి అద్దం పల్చబడుతుంది. 1.56, 1.6, 1.67, 1.74 అని దొరుకుతాయి. పవర్‌ రెండులోపు ఉంటే మామూలుది చాలు. నాలుగు దాటితే 1.6, ఆరు దాటితే 1.67 గురించి ఆలోచించొచ్చు. ఒకటిన్నర పవర్‌కి 1.74 అంటగడితే అక్కర్లేదని చెప్పేయొచ్చు. పిల్లలకైతే తేలిగ్గా పగలని పాలీకార్బొనేట్‌ మంచిది.

డబ్బు పెట్టదగ్గ పూత ఒకటుంది. అది యాంటీ రిఫ్లెక్షన్‌. మామూలు ప్లాస్టిక్‌ లెన్సు మీద పడ్డ వెలుగులో సుమారు ఎనిమిది శాతం వెనక్కి కొడుతుంది. ఫొటోల్లో కళ్ల బదులు ట్యూబులైటు కనిపించేది అందుకే. ఈ పూత ఉంటే ఎదుటివాళ్లకి కళ్లు కనిపిస్తాయి. రాత్రి హైవే మీద ఎదురు లైట్ల మెరుపూ తగ్గుతుంది.

నీలికాంతిని ఆపే లెన్సు పెట్టుకుంటే కంప్యూటరు ముందు కళ్లు అలసిపోవని అమ్ముతుంటారు. 17 పరిశోధనల్ని కలిపి చూసిన కాక్రేన్‌ సమీక్ష 2023లో వచ్చింది. మామూలు లెన్సుతో పోలిస్తే కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం అందులో కనిపించలేదు. ఆ డబ్బు పల్చటి లెన్సుకి పెట్టుకోవడం నయం. కళ్ల అలసటకి మధ్యమధ్య రెప్పలార్పుతూ దూరంగా చూడటమే మందు, ఖర్చు లేనిది.

బిల్లు తీసుకునేటప్పుడు అందులో ఫ్రేము ధర, లెన్సు ధర, ఇండెక్స్‌, పూత విడివిడిగా రాయించుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చూపు కోసం వాడే కళ్లజోళ్ల మీద జీఎస్టీ అయిదు శాతానికి తగ్గింది. బిల్లులో ఆ గీత చూసుకోవాలి. తయారైన జోడు తీసుకునే రోజు లెన్సోమీటరు మీద పెట్టించి పవర్‌ చీటీతో సరిపోయిందో లేదో అక్కడే చూపించమనాలి. చీటీ, పీడీ అంకె రెండూ ఫోనులో ఫొటో తీసి దాచుకుంటే ఏ ఊళ్లోనైనా పనికొస్తాయి.

పెట్టుకుంటే పవర్‌ పెరుగుతుందని భయపడేవాళ్లకో మాట. చదువుకునే వయసులో కన్ను పెరుగుతున్నకొద్దీ మైనస్‌ పెరుగుతుంది. కళ్లజోడు పెట్టుకున్నందుకు కాదు. మానేస్తే ఆగదు. మైనస్‌ ఆరు దాటినవాళ్లు ఏడాదికోసారి కంటి లోపలి పొరని కూడా డాక్టరు చేత చూపించుకోవాలి.

అమ్మ కళ్ల మాటేమిటి?

కూతురి కళ్లజోడు కొనడానికి వచ్చిన అమ్మల్ని గమనిస్తే ఒకటి తెలుస్తుంది. ధర చీటీ చదవడానికి చెయ్యి బారెడు చాపుతారు. లేదంటే ‘ఎంతుందే’ అని పిల్ల చేతికిస్తారు. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడానికి తెలుగులో చక్కటి పేరుంది. చత్వారం. అంటేనే నలభై. జబ్బు కాదు, వయసుతో పాటు కంట్లో సహజమైన కటకం బిగుసుకోవడం. అందరికీ వస్తుంది. కానీ ఆడవాళ్లు చెప్పుకోరు. సూదిలో దారం పిల్లల చేత ఎక్కించుకుంటారు. బియ్యంలో రాళ్లు వేళ్లతో తడిమి ఏరుకుంటారు. మాత్రల అట్ట మీద తేదీ చదవకుండానే మింగేస్తారు. కళ్లజోడంటే ‘ముసలిదాన్నయిపోయానా’ అన్న దిగులు, దానితోపాటు ‘నాకెందుకులే ఖర్చు’.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదిక లెక్క ప్రకారం దగ్గరి చూపుకి సరైన కళ్లజోడు లేనివాళ్లు ప్రపంచంలో 82 కోట్లకి పైనే. అది ఖర్చు కాదని చెప్పడానికి మన దేశంలోనే రుజువుంది. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కూలీలతో ఓ పరిశోధన జరిగింది. సగంమందికి ముందుగా దగ్గరి చూపు కళ్లజోళ్లిచ్చారు. ఇవ్వనివాళ్ల కన్నా వాళ్లు కోసిన ఆకు సుమారు 22 శాతం ఎక్కువని 2018లో ఫలితాలు వచ్చాయి. బంగ్లాదేశ్‌ పల్లెల్లో చేసిన మరో పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. కళ్లజోడు ఇచ్చినవారి ఆదాయం ఎనిమిది నెలల్లో ఇవ్వనివారికన్నా మూడో వంతు ఎక్కువగా ఉంది.

ఇది ఎక్కడో అస్సాం సంగతి మాత్రమే కాదు. నరసాపురం వైపు లేసు అల్లే వేళ్లు, ఏలూరులో తివాచీ ముడులు వేసే చేతులు, రొయ్యల షెడ్లలో తలలు తీసే చేతులు, ఇంటింటా జాకెట్లు కుట్టే మిషన్లు... అన్నీ దగ్గరి చూపు మీద బతికేవే. చెయ్యి మందగించిందనుకుంటారు. మందగించింది కన్ను.

దగ్గరి పనికే అయితే చిన్న రీడింగ్‌ గ్లాసు చాలు. దూరం, దగ్గర రెండూ కావాలంటే బైఫోకల్‌, అందులో కింద గీత కనిపిస్తుంది. గీత వద్దనుకునేవాళ్లకి ప్రోగ్రెసివ్‌ లెన్సులున్నాయి. దూరం, మధ్య, దగ్గర మూడూ ఒకే అద్దంలో ఇమడాలి కాబట్టి అద్దం ఎత్తు 28-30 మిల్లీమీటర్లయినా ఉండాలి. అలవాటవడానికి వారం పది రోజులు పడుతుంది. మొదట్లో మెట్లు దిగేటప్పుడు తల వంచి చూసుకోవాలి. ఏది కొన్నా రోడ్డు పక్క బండి మీద తోచింది తీసుకోకుండా, నలభై దాటగానే ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకోవాలి. నీటికాసులు, షుగరు వల్ల వచ్చే కంటి దెబ్బ ముందుగా నొప్పి చెప్పి రావు. పరీక్షలోనే బయటపడతాయి.

మళ్లీ ఆ దుకాణంలో...

పెద్దాయన చెప్పినట్టే అమ్మాయి ఫోనులో పద్దెనిమిది ఫొటోలు తీయించుకుంది. గమ్ము అంటించిన పాత జోడు పెట్టుకుని ఒక్కొక్కటీ నింపాదిగా చూసింది. అమ్మకి నచ్చిన రిమ్‌లెస్‌ పక్కన పెట్టింది. ‘బండగా ఉంది’ అని అమ్మ తోసేసిన వాటిల్లోంచి ఒకటి తీసింది. 46, 18. తేనెరంగు, మూలలు గుండ్రం.

‘‘ఇదేమ్మా. ఇందులో నేను నాలాగే ఉన్నాను’’

అమ్మ ఫోను అందుకుంది. చెయ్యి చాపింది. ఇంకాస్త చాపింది. ఫొటో స్పష్టంగా కనపడలేదు. ఆ సంగతి పెద్దాయన కంటపడింది. ఆయన ఏమీ అనలేదు. లోపల పరీక్ష గదివైపు చెయ్యి చూపించి, ‘‘అమ్మగారు కూడా ఓసారి చూపించుకోండి’’ అన్నాడు.

వారం తరవాత రెండు జోళ్లు తయారయ్యాయి. తేనెరంగుది కూతురికి, మెరూన్‌ది అమ్మకి. సాయంత్రం బస్టాండులో కైకలూరు బస్సు బోర్డు దూరంనుంచే కూతురు చదివింది. సీట్లో కూర్చున్నాక బిల్లు అమ్మ చదివింది. పైసలతో సహా.